స్క్వాట్ లోతును చెవికి వినిపించే పట్టీ: మైక్రోబిట్ వి2 దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

ఆటగాడి ఒంటికి కట్టి, కదలికను అప్పటికప్పుడు శబ్దంగా మార్చే పరికరం సొంతంగా తయారుచేసుకోవాలనుకునే కోచ్‌లకు, ఇంజినీరింగ్ విద్యార్థులకు బీబీసీ మైక్రోబిట్ వి2 (కోడ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు, రెండో వెర్షన్) మంచి మొదటి బోర్డు. నిదానంగా సాగే కదలికలకు మాత్రమే సుమా. స్క్వాట్, లంజ్, ఒంటికాలి బ్యాలెన్స్, యోగాసనాలు, పరుగులో అడుగుల లయ, వీటి వరకు ధైర్యంగా కొనుక్కోవచ్చు. బ్యాడ్మింటన్ స్మాష్, ఫాస్ట్ బౌలింగ్, బ్యాట్ స్వింగ్ మీ లక్ష్యమైతే డబ్బు దీని మీద పెట్టకండి. కారణాలు కింద ఉన్నాయి.

తెర ఎందుకు కాదు, శబ్దమే ఎందుకు? స్క్వాట్‌లో కిందికి దిగుతూ ఫోన్ వైపు చూస్తే మెడ తిరుగుతుంది, మెడతో పాటు వెన్ను లైను చెదురుతుంది. చెవికి ఆ ఇబ్బంది లేదు. పైగా సాధారణ పరీక్షల్లో మనిషి శబ్దానికి సుమారు 150 మిల్లీసెకన్లలో, వెలుగుకు సుమారు 200 మిల్లీసెకన్లలో స్పందిస్తాడు. లయలో వచ్చిన చిన్న తేడాను కన్ను కంటే చెవే ముందు పట్టేస్తుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో నీనా షాఫెర్ట్, క్లాస్ మాట్టెస్ 'సోఫిరో' అనే వ్యవస్థతో పడవ త్వరణాన్ని స్వరంగా మార్చి జర్మనీ జూనియర్ రోయర్లకు వినిపించారు. తెడ్డు వేశాక ముందుకు జరిగి కూర్చునే దశలో పడవ ఎక్కడ వేగం కోల్పోతోందో వాళ్లకు చెవి ద్వారా తెలిసేది. ఆల్ఫ్రెడ్ ఎఫెన్‌బర్గ్ 2005లో ప్రచురించిన పరిశోధన నిలువు జంప్ మీద. జంప్ తాలూకు బలాన్ని శబ్దంగా వినిపిస్తే దాన్ని అంచనా వేయడమూ, మళ్లీ చేసి చూపడమూ మెరుగయ్యాయని అందులో తేలింది.

ఇక బోర్డు సంగతి. సుమారు 5 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు. నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52833 చిప్, 64 మెగాహెర్ట్జ్, 128 కేబీ ర్యామ్. ఈ పనికి అవి చాలు. మనకు ముఖ్యమైనది ఎల్‌ఎస్‌ఎం303ఏజీఆర్ అనే సెన్సర్. అందులో యాక్సిలరోమీటరు (త్వరణం కొలిచేది), దిక్సూచి ఉన్నాయి, గైరోస్కోపు (తిరిగే వేగం కొలిచేది) లేదు. ఈ బోర్డు చేయగలిగినవీ చేయలేనివీ ముప్పావు వంతు ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి. యాక్సిలరోమీటరు భూమ్యాకర్షణనూ, కదలిక వల్ల పుట్టే త్వరణాన్నీ కలిపి ఒకే అంకెగా చెబుతుంది, రెండింటినీ విడదీయలేదు. కదలిక నెమ్మదిగా ఉన్నంతవరకు ఆకర్షణదే పైచేయి, కాబట్టి వంపు కోణం నమ్మకంగా వస్తుంది. లెక్క కూడా సులువే. భూమ్యాకర్షణ త్వరణాన్ని 1 జీ అంటారు. అడ్డంగా 0.1 జీ త్వరణం కలిస్తే కోణంలో సుమారు 6 డిగ్రీల తప్పు వస్తుంది, 0.3 జీ కలిస్తే 17 డిగ్రీలు.

అందుకే పట్టీని ఎక్కడ కడుతున్నామన్నది కోడ్ కంటే ముఖ్యం. స్క్వాట్‌కు తొడ కోణం కావాలి. చాలామంది బోర్డును తొడ మధ్యలో కడతారు. అక్కడ కండరం ఎక్కువ, ప్రతి రెప్‌కూ (ఒక్కసారి దిగి లేవడానికీ) ఊగుతుంది, ఆ ఊగుడంతా కోణంలోకి చేరుతుంది. పైగా స్క్వాట్‌లో నడుము చాలా దూరం కిందికి దిగుతుంది, మోకాలు దానితో పోలిస్తే కొద్దిగానే కదులుతుంది. తొడ ఎముక కోణం ఏ చివర కొలిచినా ఒకటే. కాబట్టి తక్కువ కదిలే చివర కడితే త్వరణం వల్ల వచ్చే తప్పు తగ్గుతుంది. మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల పైన, తొడ బయటివైపు, బోర్డు పై అంచు దగ్గరి లోగో నడుము వైపు ఉండేలా కట్టండి. పట్టీ 5 సెం.మీ. వెడల్పున్న ఎలాస్టిక్, వెల్‌క్రోతో. ఇంకా సన్నగా ఉంటే చెమటకు మెలి తిరుగుతుంది.

కోణం తీయడానికి మేక్‌కోడ్‌లో (బ్లాకులు పేర్చి కోడ్ రాసే ఎడిటర్‌లో) రెడీగా ఉండే 'రొటేషన్' బ్లాకును వాడకండి. మనిషి నిలబడినప్పుడు బోర్డు నిలువుగా ఉంటుంది. సరిగ్గా ఆ స్థితిలోనే ఆ బ్లాకు ఇచ్చే 'రోల్' (పక్కకు వంపు) విలువ స్థిరం తప్పి అటూ ఇటూ దూకుతుంది. దాని బదులు మూడు అక్షాల త్వరణం తీసుకోండి. ఎక్స్, జడ్‌ల వర్గాలు కూడి వర్గమూలం తీయండి. దాన్ని మొదటి విలువగా, మైనస్ వైని రెండో విలువగా ఏటాన్2 అనే కోణం లెక్కించే ఫంక్షన్‌కు ఇవ్వండి, రేడియన్లను డిగ్రీల్లోకి మార్చండి. లోగో పైకి ఉన్నప్పుడు వై మైనస్ చూపిస్తేనే ఆ మైనస్ పెట్టాలి, ప్లస్ చూపిస్తే వైని ఉన్నదున్నట్టే ఇవ్వండి. నిలబడితే సున్నా దగ్గర, తొడ నేలకు సమాంతరమైతే 90 దగ్గర వస్తుంది. ఈ సూత్రంలో ఇంకో లాభం ఉంది. పట్టీ కాస్త చుట్టూ తిరిగినా కోణం మారదు, ఎందుకంటే మనం చూస్తున్నది బోర్డు పొడవు అక్షం నిలువు నుంచి ఎంత వాలిందన్నదే.

కాలిబ్రేషన్‌ను, అంటే లక్ష్య కోణాన్ని బోర్డుకు ముందుగా చూపించడాన్ని, నిలబడి చేయడం మామూలు అలవాటు. అది సరికాదు. తొడ కింది భాగం సన్నబడుతూ వస్తుంది కాబట్టి బోర్డు ఎముకకు సమాంతరంగా కూర్చోదు, కొన్ని డిగ్రీల తేడా ఎప్పుడూ ఉంటుంది, అది ఒక్కొక్కరి కాలికి ఒక్కోలా ఉంటుంది. తొడ సమాంతరంగా వచ్చే ఎత్తున్న బాక్సు మీదో, పీట మీదో కూర్చోబెట్టి, ఒక సెకను కదలకుండా ఉంచి, బోర్డు మీది 'ఏ' (A) బటన్ నొక్కి 50 రీడింగుల సగటును లక్ష్యంగా దాచుకోండి. కింది చివర కచ్చితంగా ఉండాలి. పై చివర ఎంత తప్పినా నష్టం లేదు, అక్కడ శబ్దమే ఉండదు.

రీడింగులు 20 మిల్లీసెకన్లకు ఒకటి వస్తాయి, అంటే సెకనుకు 50. మేక్‌కోడ్‌లోనూ, ఈ బోర్డుకు పైథాన్‌లో కోడ్ రాసే మైక్రోపైథాన్‌లోనూ ఈ వేగం మార్చే మామూలు మార్గం లేదు, సి++ లోకి దిగాలి. స్క్వాట్‌కు 50 చాలు. కాకపోతే అంకెలు వణుకుతాయి కాబట్టి స్మూతింగ్ పెట్టాలి, అతి ఇక్కడే మొదలవుతుంది. పాత కోణంలో 90 శాతం, కొత్తదానిలో 10 శాతం కలిపితే గ్రాఫు అందంగా కనిపిస్తుంది, కానీ శబ్దం సుమారు 190 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. రెండు సెకన్లలో 90 డిగ్రీలు దిగే మనిషి అంతలో 8 డిగ్రీలు దాటిపోతాడు. శబ్దం వినేసరికి లక్ష్యం దాటిందన్నమాట. 70, 30 పాళ్లలో కలిపితే ఆలస్యం 56 మిల్లీసెకన్లకు, తేడా రెండున్నర డిగ్రీలకు తగ్గుతుంది. మిగిలిన వణుకును స్మూతింగ్‌తో చంపాలని చూడకండి, దాని మందు శబ్దం డిజైన్‌లో ఉంది.

లోతు చేరగానే ఒక్క బీప్, అందరూ మొదట రాసే కోడ్ ఇదే. అది పనిచేయదు. బీప్ విని, ఆగాలని మెదడు ఆజ్ఞ ఇచ్చి, కండరం స్పందించేసరికి రెప్ పైకి లేస్తుంటుంది. ఆ బీప్ జరిగిపోయిన రెప్‌కు మార్కు వేస్తుందే తప్ప జరుగుతున్న రెప్‌ను సరిదిద్దదు. కావలసింది దగ్గరవుతున్నకొద్దీ మారే శబ్దం. మరీ జారుడుగా, సైరన్‌లా మారే పిచ్ పెడితే ఎక్కడున్నామో తెలియదు, రెండు నిమిషాల్లో చిరాకు పుడుతుంది. మెట్లు మెట్లుగా ఉండాలి. మన చెవులకు ఇట్టే పట్టుబడే మెట్లు మోహన రాగంలో ఉన్నాయి. ఐదే స్వరాలు, ఏ రెండూ మరీ దగ్గరగా ఉండవు, ఎక్కడ ఆగినా కర్ణకఠోరంగా ఉండదు. శరీరం దిగుతుంటే స్వరమూ దిగాలి, అది చెప్పకుండానే అర్థమవుతుంది. లక్ష్యానికి 60 డిగ్రీల ముందు 2093 హెర్ట్జ్ పై షడ్జమంతో మొదలుపెట్టి, 12 డిగ్రీలకు ఒక మెట్టు చొప్పున ధైవతం 1760, పంచమం 1568, గాంధారం 1319, రిషభం 1175, చివరికి లక్ష్యం దగ్గర 1047 షడ్జమం. కర్ణాటక సంగీతం రాని కుర్రాడికి కూడా రిషభం దగ్గర ఆగితే ఏదో మిగిలిపోయినట్టు అనిపిస్తుంది, షడ్జమం చేరితే ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ఆ అసంపూర్తి భావనే కోచ్ గొంతు చేసే పని చేస్తుంది.

మెట్ల అంచుల్లో కోణం అటూ ఇటూ వణికితే రెండు స్వరాలు గిలగిలా కొట్టుకుంటాయి. దానికి 3 డిగ్రీల వెసులుబాటు పెట్టాలి. దిగేటప్పుడు అంచు దాటగానే స్వరం మారాలి, తిరిగి పాత స్వరానికి రావాలంటే అంచు నుంచి 3 డిగ్రీలు వెనక్కి రావాలి. ఇంకో సంగతి, ప్రతి లూపులోనూ పిచ్ ఆదేశాన్ని మళ్లీ పంపకండి. స్వరం ప్రతిసారీ కొత్తగా మొదలై టకటకమంటుంది. మెట్టు మారినప్పుడు మాత్రమే పంపండి. మైక్రోపైథాన్‌లో వ్యవధికి మైనస్ 1, వెయిట్‌కు ఫాల్స్ ఇస్తే స్వరం సాగుతూనే ఉంటుంది, కోడ్ ఆగదు. మేక్‌కోడ్‌లో 'రింగ్ టోన్' బ్లాక్ అదే పని చేస్తుంది.

స్వరాలను అంత పైన ఎందుకు పెట్టాలో బోర్డు మీద స్పీకరును చూస్తే తెలుస్తుంది. గోరంత ఉంటుంది. సుమారు 2.7 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా మోగుతుంది, 500 కిందికి వస్తే నామమాత్రం. అంతకంటే పెద్ద లోపం, స్పీకరు బోర్డు వెనకవైపు ఉంది. ఎల్ఈడీలు బయటికి కనిపించేలా కడితే స్పీకరు తొడకు ఆనుకుని నోరు మూసుకుంటుంది. బోర్డుకూ పట్టీకీ మధ్య 4, 5 మిల్లీమీటర్ల ఫోమ్ ముక్కలు రెండు అంచుల్లో అంటించి గాలి సందు వదలాలి, లేదా బోర్డును తిరగేసి కట్టాలి. పై సూత్రానికి ముఖం ఎటున్నా ఒకటే, లోగో మాత్రం నడుము వైపే ఉండాలి. ఇంత చేసినా ఇనుప ప్లేట్లు మోగే జిమ్‌లో ఈ స్పీకరు వినబడదు. గదిలో ఒక్కరే సాధన చేసేటప్పటికే ఇది.

జిమ్‌కు వైరున్న ఇయర్‌ఫోనే దారి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కు ఈ బోర్డు పాట పంపలేదు. పంపగలిగినా బ్లూటూత్ ఆడియోలో ఉండే ఆలస్యం ఇంత కష్టపడి తగ్గించిన 56 మిల్లీసెకన్లను మింగేస్తుంది. ఇయర్‌ఫోన్ ప్లగ్ కొన భాగాన్ని బోర్డు అంచున ఉన్న పి0 పిన్నుకు, మొదలు దగ్గరి గ్రౌండ్ భాగాన్ని జీఎన్‌డీ (గ్రౌండ్) పిన్నుకు కలపాలి. మధ్యలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. పి0 నుంచి వచ్చేది 3 వోల్టుల స్క్వేర్ వేవ్, నేరుగా చెవికి ఇస్తే హాని. వాల్యూమ్ కూడా తక్కువతో మొదలుపెట్టండి. కొన భాగం మాత్రమే కలిపితే ఎడమ చెవిలోనే మోగుతుంది. అదే మంచిది, రెండో చెవికి కోచ్ మాట, పక్కవాడి హెచ్చరిక వినబడాలి. బోర్డు స్పీకరును కోడ్‌లోనే ఆపేయవచ్చు.

క్రోకడైల్ క్లిప్పులు బల్ల మీద ప్రయోగాలకే. కాలికి కట్టాక పదో రెప్‌లో ఊడతాయి, లేదా పక్క పిన్నును తాకుతాయి. పెద్ద రంధ్రాల్లో ఎం3 బోల్టు, వాషరు, నట్టు వేసి, వైరుకు రింగు టెర్మినల్ నొక్కి బిగించండి. వాషరు పక్క పిన్ను మీదికి రాకుండా చిన్నది చూసుకోవాలి.

ఉన్నట్టుండి బోర్డు రీస్టార్ట్ అవుతోందంటే అనుమానించాల్సినవి రెండు. మొదటిది బ్యాటరీ పెట్టె. స్ప్రింగు అదురుకు సెల్ ఒక్క క్షణం వదిలితే చాలు, ప్రోగ్రాం మొదటికొస్తుంది. స్క్రూతో బిగిసే మూత ఉన్న పెట్టె తీసుకోండి, సెల్స్ పక్కన పలచటి ఫోమ్ కుక్కండి, సెల్స్‌ను అదురు వచ్చే దిశకు అడ్డంగా ఉంచండి. పెట్టెను కాలికి కాకుండా నడుముకు పెట్టి వైరు పైకి లాగితే ఇంకా మేలు. రెండోది అంత తొందరగా తట్టదు. వి2 వెనక ఉన్న రీసెట్ బటనే పవర్ బటన్ కూడా. బిగుతు పట్టీ దాన్ని నొక్కితే రీసెట్, నొక్కి పట్టి ఉంచితే బోర్డు నిద్రలోకి పోతుంది. ఫోమ్ ముక్కలు ఈ బటన్‌కు కూడా సందు వదిలేలా అంటించుకోవాలి.

చెమట మూడో శత్రువు. ఉప్పునీరు కాబట్టి అంచు పిన్నుల మధ్య కరెంటు పారుతుంది. బంగారు రంగు లోగో టచ్ బటన్‌లా పనిచేస్తుంది గనుక తడి బట్ట తాకినా నొక్కినట్టే భావిస్తుంది. మొదలు, ఆపు పనులకు లోగోను వాడకుండా ఏ, బీ బటన్లే వాడండి. బోర్డు మొత్తాన్ని చిన్న జిప్ కవర్లో పెట్టవచ్చు, ఇయర్‌ఫోన్ వాడుతున్నప్పుడు శబ్దం తగ్గుతుందన్న బాధ కూడా ఉండదు. తేలిగ్గా ఉంటుందని 3.7 వోల్టుల లిథియం బ్యాటరీని నేరుగా తగిలించకండి. పూర్తి చార్జిలో అది 4.2 వోల్టులు, చిప్ భరించేది 3.6 వరకే.

పరుగుకు వస్తే తీర్పు సగం సగం. అడుగుల లయ వినిపించడానికి బోర్డును నడుము వెనక కట్టి, రేంజ్‌ను 8 జీకి మార్చాలి. మొదట ఉండే 2 జీలోనే వదిలేస్తే ప్రతి అడుగూ పై గీతకు కొట్టుకుని, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక అడుగు పట్టుకున్నాక 200 మిల్లీసెకన్లు ఏమీ లెక్కించకుండా వదిలేయాలి, లేకపోతే ఒక్క అడుగే రెండుగా పడుతుంది. నిమిషానికి 180 అడుగులైనా రెండిటి మధ్య 333 మిల్లీసెకన్లు ఉంటాయి కాబట్టి నిజమైన అడుగు తప్పిపోదు. ఇంతవరకు బాగుంది. కానీ పాదం నేలను ఎంత గట్టిగా కొడుతోందో ముంగాలి ఎముక మీద కొలిచి వినిపించాలంటే ఈ బోర్డు చాలదు. ఆ దెబ్బ శిఖరం పదీ ఇరవై మిల్లీసెకన్లలో వచ్చిపోతుంది, మనకు రీడింగు వచ్చేదే 20కి ఒకటి. ఒక అడుగులో శిఖరం దొరుకుతుంది, తర్వాతి అడుగులో దొరకదు. ఆ అంకెలను నమ్మి పరుగు తీరు మార్చుకుంటే గాయమే మిగులుతుంది.

స్మాష్ సంగతి లెక్కలోనే తేలిపోతుంది. మణికట్టు భుజానికి 60 సెం.మీ. దూరంలో ఉండి, చెయ్యి సెకనుకు 15 రేడియన్ల వేగంతో తిరిగితే కేంద్రం వైపు త్వరణమే సుమారు 14 జీ. బోర్డు మేక్‌కోడ్‌లో ఇచ్చేది 8 వరకు. రేంజ్ పెంచినా గైరోస్కోపు లేకుండా ఆ స్థితిలో కోణం అనే మాటకు అర్థం లేదు, ఆకర్షణ ఆ త్వరణం కింద మునిగిపోతుంది. బయటి నుంచి ఎంపీయూ-6050 మాడ్యూల్ తగిలించవచ్చు. అది 16 జీ, సెకనుకు 2000 డిగ్రీల వరకు కొలుస్తుంది, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ సందుల్లో తేలిగ్గా దొరికే రకం. కానీ అది పి19, పి20 పిన్నులకు పోవాలి, అవి సన్నటి పిన్నులు, ఎడ్జ్ కనెక్టర్ కావాలి. చేతికి కట్టే వస్తువు అప్పటికి చేటంత అవుతుంది. ఆ దారిలో పోదలచుకుంటే గైరోస్కోపు లోపలే ఉన్న ఆర్డుయినో నానో 33 బీఎల్‌ఈ సెన్స్‌తో మొదలుపెట్టడమే నయం. దానికి స్పీకరు లేదు, అది వేరే పని.

వి2లో ఎక్కువమంది వాడని మంచి సౌకర్యం డేటా లాగింగ్. కంప్యూటరుకు తగిలిస్తే మైక్రోబిట్ డ్రైవులోనే ఫైలుగా కనిపిస్తుంది, వేరే యాప్ అక్కర్లేదు. ప్రతి రీడింగునూ రాస్తే జాగా ఇట్టే నిండుతుంది. ఒక్కో రెప్‌లో దిగిన అత్యధిక కోణం మాత్రం రాయండి. దీన్ని శబ్దం ఆపిన సెట్లలో కూడా నడపాలి, అదే అసలు పరీక్ష. శబ్దం ఉన్నంతసేపూ బాగా దిగి, ఆపగానే పాత పద్ధతికి పోయే ప్రమాదం నిజంగా ఉంది. సాల్మోని, ష్మిట్, వాల్టర్ 1984లోనే రాశారు: ఫీడ్‌బ్యాక్ ప్రతిసారీ అందితే మనిషి దాని మీదే ఆనుకుంటాడు, సొంత ఒంటి సూచనలను వినడం మానేస్తాడు. కాబట్టి బీ బటన్‌కు మ్యూట్ పెట్టండి. మొదటి వారం ప్రతి సెట్‌లో శబ్దం, తర్వాత సెట్ విడిచి సెట్, ఆ తర్వాత లక్ష్యానికి 5 డిగ్రీల లోపు వస్తే మౌనం, తప్పితేనే స్వరం. శబ్దం ఉన్న సెట్లకూ లేని సెట్లకూ సగటు తేడా 3, 4 డిగ్రీల్లోకి వచ్చిందంటే పట్టీ తీసేయవచ్చు.

ఒకేసారి నలుగురైదుగురికి కట్టాలంటే బోర్డుల్లోని రేడియో వాడుకోవచ్చు. ఆటగాడి బోర్డు మెట్టు సంఖ్యను పంపుతుంది, కోచ్ దగ్గర అతని కోసమే ఉంచిన రెండో బోర్డు పి0కు కలిపిన యాంప్లిఫైడ్ స్పీకరులో స్వరం వినిపిస్తుంది. ఒక్కొక్కరికీ వేరే గ్రూపు నంబరు ఇవ్వడం మరచిపోతే ఒకరి రెప్ ఇంకొకరి స్వరంగా వినబడి గందరగోళమవుతుంది. మేక్‌కోడ్‌లో రేడియో, బ్లూటూత్ ఒకే ప్రోగ్రాంలో కలవవని కూడా గుర్తుంచుకోండి.

కొనేటప్పుడు పాత వి1 అంటగట్టకుండా చూసుకోండి, దానికి స్పీకరు, మైకు, టచ్ లోగో ఏవీ లేవు. గుర్తులు సులువు. వి2కు కింది అంచు పెద్ద పిన్నుల దగ్గర నొక్కులు నొక్కులుగా ఉంటుంది, వి1కు తిన్నగా ఉంటుంది. వి2 లోగో చుట్టూ బంగారు రంగు ఉంటుంది, వెనక స్పీకరు కనిపిస్తుంది. ఉత్త బోర్డు కాకుండా 'గో' కిట్ తీసుకుంటే యూఎస్‌బీ కేబుల్, బ్యాటరీ పెట్టె, సెల్స్ అందులోనే వస్తాయి. మూతకు స్క్రూ ఉన్న పెట్టె, ఎలాస్టిక్, వెల్‌క్రో, ఫోమ్, ఎం3 బోల్టులు, 1 కిలో ఓమ్ రెసిస్టర్, పాత వైరు ఇయర్‌ఫోన్ మాత్రం విడిగా సమకూర్చుకోవాలి.